కూర్చోబెట్టిన రాయి

నేను చేసిన మొదటి పెద్ద శిల్పం ఒక బెంచీ. దాని మీద ఎవరూ కూర్చోలేరు. కూర్చోకూడదనే అలా చేశాను.

దానికి కారణం మా చేవెళ్లలో బీజాపూర్ రోడ్డు మీద లేచిన ఒక కాంప్లెక్సు. బాపుది, అంటే మా నాన్నది, అదే రోడ్డు మీద కిరాణా దుకాణం. నగరానికి పడమటి దిక్కున ఐటీ కంపెనీలు ఒక్కొక్కటే పుట్టుకొస్తున్న రోజులవి. ఆ వేడి గండిపేట దాటి, మొయినాబాద్ దాటి మా దాకా పాకింది. పొలాల్లో హద్దురాళ్లు పాతి సున్నం కొట్టేవాళ్లు. మా దుకాణానికి కొంచెం అవతల ఉన్న పాత పెంకుటిల్లు కూలగొట్టి అద్దాల ముఖంతో అంతస్తుల మీద అంతస్తులు కట్టారు. ఆ పెంకుటింటి ముందు పొడవాటి అరుగు ఉండేది. ఊళ్ల నుంచి కూరగాయల గంపలతో, బంతిపూల మూటలతో వచ్చిన ఆడవాళ్లు సరుకు అమ్ముడుపోయాక బస్సు వచ్చేదాకా ఆ అరుగు మీదే కూర్చునేవారు. కొత్త కాంప్లెక్సుకూ మెట్లున్నాయి. నున్నటి, వెడల్పాటి మెట్లు. అయితే వాటి అంచు పొడవునా వేలెడంత ఇనుప పళ్లు బిగించారు.

నేను అప్పుడు నగరంలో శిల్పకళ చదువుతున్నాను. సెలవులకు ఇంటికొచ్చి ఒక మధ్యాహ్నం దుకాణంలో కూర్చున్నాను. ఖాళీ గంపతో ఒకామె వచ్చింది. పాత అలవాటు కొద్దీ ఆ మెట్టు మీదికి వంగింది. చేతికి ఇనుము తగలగానే లేచి నిలబడింది. కోపం లేదు, తిట్టు లేదు. గంప కింద పెట్టి, బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ బస్సు వచ్చేదాకా అలాగే ఉండిపోయింది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. అక్కడ బోర్డు లేదు, కర్ర పట్టుకున్న మనిషి లేడు. చెప్పవలసింది ఆ ఇనుప ముక్కే చెప్పేసింది.

"గవి ఎందుకు పెట్టిండు బాపూ?" అని అడిగాను.

బాపు పప్పు తూకం వేస్తూ తల ఎత్తలేదు. "కూసోవద్దని పెట్టిండు. అద్దాల దుకాణం ముంగట గంపలుంటే గిరాకీ రాదంటడు." తూకం అయ్యాక మళ్లీ అన్నాడు: "అంగడి ముంగట ఒక మనిషి కూసుంటెనే ఇంకో మనిషి ఆగుతడు. గీ ముచ్చట ఆయనకు ఎవలు చెప్పాలె?"

కాలేజీకి తిరిగి వెళ్లాక ఆమె లేచి నిలబడిన తీరు నన్ను వదల్లేదు. చదువు చివరి సంవత్సరం అంతా ఆ బెంచీ మీదే పనిచేశాను. టేకు పలక, కింద ఇనుప కాళ్లు. దూరం నుంచి చూస్తే అమ్మ ఒడిలా పిలుస్తుంది. దగ్గరికి వెళ్లి కూర్చుంటే మెల్లగా ముందుకు జారుస్తుంది. ఆ వాలు కంటికి కనిపించదు, ఒంటికే తెలుస్తుంది. దానికి 'దయచేసి కూర్చోండి' అని పేరు పెట్టాను. నగరంలో ఒక హాలులో ప్రదర్శన పెడితే జనం వచ్చి కూర్చున్నారు, జారారు, నవ్వారు. కొందరు మాత్రం జారి లేచాక నవ్వకుండా ఆగిపోయారు. ఆ కొందరి కోసమే చేశానని నాకు గర్వంగా ఉండేది.

ప్రదర్శన అయిపోయాక ఒకాయన ఫోన్ చేశాడు. గండిపేట దగ్గర కొత్తగా కట్టిన గేటెడ్ కాలనీకి కార్యదర్శిని అని చెప్పుకున్నాడు. మాట కోస్తా మాట, మెత్తని గొంతు.

"మీ బెంచీ చూశానండి. చాలా బాగుంది. అలాంటిది మా గేటు దగ్గరికి ఒకటి కావాలండి."

"దాని మీద ఎవరూ కూర్చోలేరు కదండీ," అన్నాను.

"అదేనండి మాక్కావలసింది!"

నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు చప్పున ఆరిపోయింది. జనాన్ని కూర్చోనివ్వని లోకం మీద కోపంతో నేను చేసిన వస్తువును ఆయన అంగట్లో దొరికే గొళ్లెంలా చూశాడు. అందులో ఆయన తప్పు కూడా లేదు. గొళ్లెంగా అది చక్కగా పనిచేస్తుంది.

వెళ్లకూడదనే అనుకున్నాను. తెల్లారాక మనసు మారింది. అప్పటికి మొయినాబాద్ శివార్లలో మూతపడిన కోళ్ల ఫారం ఒకటి కిరాయికి తీసుకుని పనిచేసుకుంటున్నాను. గండిపేట అక్కడికి దగ్గరే. కనీసం ఆ చోటు చూసి వద్దామని ఆటో ఎక్కాను.

కాలనీ గేటు కోట ద్వారంలా ఉంది. పక్కన పొట్టి పిట్టగోడ. పొద్దున్నే సురంగల్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వంటకూ ఇంటిపనికీ వచ్చే ఆడవాళ్లు గేటు పాసు ఇచ్చేదాకా దాని మీద కూర్చునేవారు. సాయంత్రం ఆటోల కోసం మళ్లీ అక్కడే. కొన్నాళ్ల కిందట ఆ గోడ మీద ఏటవాలుగా టైల్స్ పరిచారు. అప్పటి నుంచి వాళ్లు నిలబడుతున్నారు.

కార్యదర్శి నన్ను నీడలోకి తీసుకెళ్లి మంచినీళ్లు ఇప్పించాడు. "చూడ్డానికి బాగోలేదని ఇళ్లవాళ్ల దగ్గర్నుంచి మెయిల్స్ వస్తున్నాయండి. టైల్స్ వేశాం, ఇప్పుడు టైల్స్ బాగోలేవంటున్నారు. నాకు ఎవర్నీ తరిమేయడం ఇష్టం లేదు. మంచి శిల్పం పెడితే ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు. వాళ్లంతట వాళ్లే కూర్చోరు."

నా శిల్పాన్ని అంత కచ్చితంగా అర్థం చేసుకున్న మనిషి అప్పటిదాకా నాకు తగల్లేదు. "నాకు కొన్నాళ్లు ఇక్కడ ఊరికే నిలబడే అనుమతి ఇవ్వండి," అని అడిగాను. వింతగా చూసి, సరేనన్నాడు.

అలా ఆ గేటు దగ్గర పొద్దుటి పూట, సాయంత్రం పూట నిలబడ్డాను. పనివాళ్లు గోడ వెంట వరసగా నిలబడేవారు. పిల్లలను స్కూలు బస్సు ఎక్కించడానికి వచ్చిన తల్లిదండ్రులు ఒకరికొకరు ఎడంగా, ఎవరి సెల్‌ఫోన్‌లోకి వాళ్లు చూస్తూ నిలబడేవారు. సాయంత్రం కొందరు పెద్దావిడలు, కొడుకుల దగ్గర ఉండటానికి కోస్తా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, నడుచుకుంటూ గేటు దాకా వచ్చి, రోడ్డు వైపు కాసేపు చూసి, కాళ్లు నొప్పెట్టి వెనక్కి తిరిగేవారు. వాళ్లలో కార్యదర్శి తల్లి కూడా ఉంది. చూడగా చూడగా నాకు తెలిసి వచ్చింది. అక్కడ పనివాళ్లకే కాదు, ఎవరికీ చోటు లేదు. కూర్చునే చోటు లేదు కాబట్టి ఎవరూ ఆగరు. ఆగరు కాబట్టి ఎవరికీ ఎవరూ తెలియరు.

సురంగల్ నుంచి వంటకు వచ్చే ఒక అక్క నన్ను రోజూ గమనిస్తూ ఉండేది. మంచి మాటకారి. "నువ్వేం పనికొచ్చినవ్ బిడ్డా? రోజూ గిట్ల నిలవడ్తవ్, లోపలికైతే పోవు."

"బొమ్మలు చెక్కుత అక్కా."

"దేవుని బొమ్మలా?"

"కాదు. మనుషులు కూసునే బొమ్మలు."

"కూసునే బొమ్మలా!" అని ఆమె నవ్వితే వరసంతా నవ్వింది.

ఆ వారమే కాలనీ కమిటీ ముందు కూర్చున్నాను. దాపరికం లేకుండా చెప్పాను: "మీరు అడిగింది నేను చెయ్యనండి. దానికి పూర్తిగా వ్యతిరేకమైంది చేస్తాను. కూర్చోబెట్టే శిల్పం. పనికి వచ్చేవాళ్లకూ, మీ అమ్మలకూ, మీకూ."

కార్యదర్శి పక్కన కూర్చున్న, ఒక కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న సభ్యుడు బల్ల మీద వేలితో కొట్టాడు. "బెంచీ వేస్తే అది బస్టాండ్ అయిపోతుంది. గేటు అందం అంతా పోతుంది."

"పోతుందో లేదో చూద్దాం. ముందు సిమెంటుతో నమూనా పెడతాను. నచ్చకపోతే నేనే తీసుకెళ్లిపోతాను," అన్నాను.

అందరూ కార్యదర్శి వైపు చూశారు. ఆయన, "నెలాఖరు దాకా ఉంచి చూద్దామండి," అన్నాడు.

ఇనుప జాలీ మీద సిమెంటు పూసి, విడివిడి ముక్కలుగా ఒక పొడవాటి ఆకారం చేశాను. ఆరేసిన చీర గాలికి అలలుగా లేచినట్టు ఉంటుంది. పిట్టగోడ తీయించి అక్కడ అమర్చాను. లోపలికి వచ్చే కార్ల నుంచి చూస్తే ఎంత అందంగా ఉందో! ఆ సాయంత్రం ఫారానికి పాట పాడుకుంటూ వెళ్లాను.

మర్నాడు దాని మీద ఎవరూ కూర్చోలేదు. ఆ మర్నాడూ అంతే. వాచ్‌మన్ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి మెరిపించేవాడు. ఆడవాళ్లు దాని పక్కనే, ఎప్పటిలాగే నిలబడేవారు.

"కూసో అక్కా, నీకోసమే పెట్టిన," అని సురంగల్ అక్కను బతిమాలాను.

"మస్తుగున్నది తల్లీ, చూస్తానికి. మేమెట్ల కూసుంటం? సార్లు కార్లల్ల పోతుంటరు."

అదే సమయానికి ఆ పెద్ద హోదా సభ్యుడి కారు వచ్చింది. అద్దం దిగింది. "ఏమ్మా, మీ శిల్పం ఖాళీగానే ఉన్నట్టుంది?" అద్దం మళ్లీ పైకి వెళ్లింది. నా చెవులు కాలిపోయాయి. నగరంలో నేను ఎవరూ కూర్చోలేని బెంచీ చేస్తే జనం ఎగబడి కూర్చున్నారు. ఇక్కడ కూర్చోమని చేస్తే నిలబడుతున్నారు.

ఆ పొద్దున ఇక ఎటూ వెళ్లలేదు. నేనే దాని మీద కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, అప్పటిదాకా దాని చుట్టూ తిరిగి చూశానే తప్ప పని చెయ్యకుండా, ఏమీ తోచకుండా, ఎదురుచూసే మనిషిలా కూర్చోలేదు. కూర్చోగానే తెలిసింది. నా మోకాళ్లు గేటు వైపు ఉన్నాయి. వచ్చే ప్రతి కారూ నా ముఖం మీదికే వస్తోంది. కారు వచ్చినప్పుడల్లా నాకు తెలియకుండానే కాళ్లు లోపలికి ముడుచుకుంటున్నాను, చున్నీ సర్దుకుంటున్నాను. వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. ఆఫీసు బయట పేరు పిలుస్తారని కూర్చున్నట్టు ఉంది. నేను దాన్ని కార్లలో పోయేవాళ్ల కంటికి చేశాను, కూర్చునేవాళ్ల ఒంటికి చెయ్యలేదు.

ఆ మధ్యాహ్నమే మొయినాబాద్ అడ్డా మీది నుంచి కూలీలను పిలుచుకొచ్చి, గడ్డపారలతో ముక్కలన్నీ తిప్పించాను. ఇప్పుడు వంపుల వీపు గేటు వైపు, ఒడి రోడ్డు వైపు. ఆటోలు వచ్చేది రోడ్డు మీదే, చూడ్డానికి బతుకంతా ఉన్నది రోడ్డు మీదే. గేటు వైపు అంచును భుజాల దాకా పెంచాను. వంపులను లోపలికి ఇంకొంచెం మలిచి, ఈ కొసన కూర్చున్నవాళ్లకు ఆ కొసన కూర్చున్నవాళ్లు కనబడేలా చేశాను. టిఫిన్ డబ్బాలు, సంచులు పెట్టుకోవడానికి కింద ఒక గట్టు. కూర్చోవడం ఇష్టం లేనివాళ్లు నడుము ఆనించి నిలబడటానికి ఒక చోట ఎత్తు.

సిమెంటు ఆరింది. ఇక ఎవరో ఒకరు మొదట కూర్చోవాలి. నాకు బాపు అన్న మాట గుర్తొచ్చింది. చేవెళ్ల వెళ్లి అడిగాను.

"దుకాణం బంద్ పెట్టి వచ్చి, గాడ కూసోవాల్నా?" అన్నాడు.

"అవును బాపూ."

"ఏం చెయ్యాలె కూసొని?"

"ఏం చెయ్యొద్దు."

బాపు నవ్వాడు. పండగలకు తప్ప దుకాణం మూయని మనిషి మర్నాడు తెల్లధోతి కట్టి, పొద్దుటి బస్సెక్కి నాతో వచ్చాడు. శిల్పం మధ్య వంపులో చేరగిలబడి, సంచిలోంచి వేయించిన పల్లీలు తీసి తినడం మొదలుపెట్టాడు. ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

సురంగల్ అక్క ఆటో దిగింది. కళ్లు చిట్లించి చూసింది. "షావుకారీ! నువ్వేంది గీడ?" అంగడి నాడు చేవెళ్ల వచ్చినప్పుడల్లా ఆమె మా దుకాణంలోనే సరుకులు కొనేదట.

"నా బిడ్డ చేసిందమ్మా గీ అరుగు. మంచిగున్నదా లేదా చూద్దామని వచ్చిన. రా, పల్లీలు తిను."

ఆమె ఒకసారి గేటు వైపు చూసింది. అయితే గేటు ఇప్పుడు వెనక ఉంది. సంచి గట్టు మీద పెట్టి, కూర్చుంది. వీపు ఆనించింది. "అబ్బా!" అంది. ఆ ఒక్క మాట నాకు ఏ హాలులోనూ దొరకలేదు. ఆమె పక్కన ఇంకొకామె కూర్చుంది, ఆ పక్కన ఇంకొకరు. పాసులు రాసే వాచ్‌మన్ బయటికి వచ్చి చూసి, బాపు చాచిన చేతిలోంచి పల్లీలు తీసుకున్నాడు.

సాయంత్రం కార్యదర్శి తల్లి వచ్చింది. చివరి వంపులో మెల్లగా కూర్చుని మోకాళ్లు రాసుకుంటోంది.

"మోకాళ్లా అమ్మా?" అని సురంగల్ అక్క అడిగింది.

"అవునే. మెట్లెక్కితే ప్రాణం పోతోంది. నీకూనా?"

"నాకు దిగేటప్పుడు. నువ్వు ఎక్కేటప్పుడు మొత్తుకో, నేను దిగేటప్పుడు మొత్తుకుంట!"

పెద్దావిడ పగలబడి నవ్వింది. రెండు ఆటోలు వచ్చి వెళ్లిపోయినా అక్క లేవలేదు.

ఆ నెలలో మిగిలిన రోజులన్నీ నాకు పండగే. స్కూలు బస్సు కోసం వచ్చిన తల్లులు ఆనుకుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇన్నాళ్లూ పక్కపక్క ఇళ్లలో ఉండి పేర్లు తెలియనివాళ్లు. పెద్ద హోదా సభ్యుడు ఒక ఉదయం నడకకు వెళ్తూ బూటు లేసు ఊడిపోతే దాని మీద కూర్చుని కట్టుకున్నాడు. లేసు కట్టుకోవడం అయ్యాక కూడా రోడ్డు మీద పోతున్న గొర్రెల మందను చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. నేను చూడనట్టు ముఖం తిప్పుకున్నాను.

నెలాఖరున సమావేశం పెట్టారు. ఆ సభ్యుడే మళ్లీ లేచి, గేటు దగ్గర జనం పెరుగుతున్నారని, ఇది మంచిది కాదని అన్నాడు. నేను జవాబు చెప్పబోతున్నాను. ఇంతలో వెనక వరసలోంచి కార్యదర్శి తల్లి లేచి నిలబడింది. కొడుకు "అమ్మా, నువ్వు కూర్చో," అన్నాడు.

"కూర్చోవడం గురించేరా నేను మాట్లాడేది," అందావిడ. "ఇక్కడికొచ్చినప్పట్నుంచి టీవీతో మాట్లాడుతున్నాను. ఇప్పుడు నాకు మనుషులు దొరికారు. దాన్ని తీసేస్తే, మళ్లీ టైల్స్ గోడ కట్టినా దాని మీద జారుతూనైనా సరే అక్కడే ఉంటాను. ఆ తర్వాత మీ ఇష్టం."

హాలంతా నవ్వులు, చప్పట్లు. చేతులు ఎత్తమంటే దాదాపు అన్ని చేతులూ లేచాయి. ఆ సభ్యుడి చెయ్యి లేవలేదు. అయినా ఆ తర్వాత రోజూ ఉదయం ఆయన లేసు అక్కడే ఊడేది.

ఇక రాయి పని. నల్ల గ్రానైట్ ఎండకు కాలిపోతుందని బూడిదరంగు రాయి ఎంచుకున్నాను. వాన నీళ్లు నిలవకుండా పైన సన్నని వాలు ఇచ్చాను. ఇది జారిపడేసే వాలు కాదు, ఆరబెట్టే వాలు. కోళ్ల ఫారంలో ఇద్దరు రాతి పనివాళ్లతో కలిసి వానాకాలం అంతా చెక్కాను. ఒక్కో వంపు పూర్తవగానే దారిన పోయేవాళ్లను పిలిచి కూర్చోమనేదాన్ని. పొట్టివాళ్లు, పొడుగువాళ్లు, నిండు చూలాలు, కర్ర ఊతంతో నడిచే తాత. వాళ్లు లేచాక ఎక్కడ ఒత్తుకుందో అడిగి, అక్కడ ఉలి పెట్టేదాన్ని. రాయి మీద తెల్లదుమ్ము, నా జుట్టులో తెల్లదుమ్ము. చేవెళ్ల కాంప్లెక్సు మెట్ల మీద ఇనుప పళ్లు అలాగే ఉన్నాయని బాపు చెప్పినప్పుడు మాత్రం ఉలి మీద దెబ్బ కొంచెం గట్టిగా పడేది.

చలికాలం మొదట్లో రాయిని లారీలో తెచ్చి, సిమెంటు నమూనా తీసిన చోట అమర్చాం. ప్రారంభోత్సవానికి నగరం నుంచి ఒక పెద్ద అధికారిని పిలిచారు. శిల్పం ఈ కొస నుంచి ఆ కొసకు ఎర్ర రిబ్బన్ కట్టి, పూలదండలు వేలాడదీశారు. అమ్మా బాపూ చేవెళ్ల నుంచి వచ్చారు. అమ్మ పట్టుచీర కట్టింది.

అధికారి రావడం ఆలస్యమైంది. ఎండ ఎక్కుతోంది. అందరం మర్యాదగా నిలబడే ఉన్నాం. కార్యదర్శి తల్లి కాసేపు ఓపిక పట్టి, "నా వల్ల కాదమ్మా," అని రిబ్బన్ కింద నుంచి వంగి వెళ్లి కూర్చుంది. సురంగల్ అక్క ఆమె పక్కన చేరింది. పనివాళ్లు, తల్లులు, పిల్లలు, చివరికి మా అమ్మ కూడా పట్టుచీర సర్దుకుంటూ లోపలికి వెళ్లింది. అధికారి కారు దిగేసరికి రాయి కనిపించడం లేదు. రిబ్బన్ వెనక అంతా మనుషులే.

కార్యదర్శి ముఖం ఎర్రబడింది. కత్తెర పెట్టిన పళ్లెంతో ముందుకు వచ్చి, "సారీ సర్, వీళ్లను లేపుతాను..." అన్నాడు.

ఆ అధికారి నవ్వాడు. "ఎందుకండీ లేపడం? ప్రారంభం అయిపోయింది కదా."

కార్యదర్శి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన కత్తెర పక్కన పెట్టి, రిబ్బన్ ముడి చేత్తోనే విప్పేశాడు. అప్పుడు సురంగల్ అక్క వరస వైపు తిరిగి గట్టిగా కేకేసింది:

"ఓయ్, జర జరుగుండ్రే! సార్ నిలవడ్డడు. జాగ ఇయ్యుండ్రి!"

వరసంతా నవ్వుతూ జరిగింది. మా అమ్మకూ అక్కకూ మధ్య ఒక మనిషికి సరిపడా చోటు తెరుచుకుంది. ఆ అధికారి బూట్లు విప్పి పక్కన పెట్టి, వచ్చి అందులో కూర్చున్నాడు.